పార్శిలు చిన్నది, పన్ను పెద్దది

విదేశీ వస్తువులపై సుంకం లెక్క తేలేది గుమ్మం ముందే

కాలాపేట (పుదుచ్చేరి): నలభై డాలర్లు చెల్లించి విదేశం నుంచి ఒక చిన్న పరికరాన్ని తపాలా ద్వారా తెప్పించుకుంటే, అది చేతికందే నాటికి మరెంత చెల్లించవలసి ఉంటుంది? విద్యావంతులలో సైతం ఈ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పగలిగినవారు అరుదు. వందకు ఐదారు రూపాయలని ఒకరు, ముప్పయి అని మరొకరు, డెబ్బయి అయిదు దాటుతుందని ఇంకొకరు చెబుతారు. విచిత్రమేమంటే వస్తువును బట్టి, సంవత్సరాన్ని బట్టి ఈ ముగ్గురి మాటా నిజమే.

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన తూర్పు కోస్తా రహదారిపై ఉన్న కాలాపేటలో ఈ ప్రశ్న తరచు ఎదురుకావడం సహజం. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. 2020లో సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారిన ఇంజనీరింగ్ కళాశాల, ఒక వైద్య కళాశాల కూడా ఇక్కడివే. గోదావరి ఒడ్డున ఉన్న యానాం మొదలుకొని దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు, అధ్యాపకులు నివసించే చోటు ఇది. స్వదేశంలో దొరకని గ్రంథమో, ప్రయోగానికి కావలసిన చిన్న ఎలక్ట్రానిక్ పలకో, అరుదైన మందో విదేశం నుంచి రప్పించుకోక తప్పని అవసరాలు ఇటువంటి చోట ఎక్కువ. పట్టణం నడిబొడ్డున ఫ్రాన్సులో బంధువులున్న కుటుంబాలు, పొరుగున ఆరోవిల్‌లో స్థిరపడిన విదేశీయులు సరేసరి.

ఇటువైపు వచ్చే విదేశీ తపాలా పార్శిలు సాధారణంగా ముందుగా చెన్నైలోని ఫారిన్ పోస్టాఫీసుకు చేరుతుంది. అక్కడ తపాలా శాఖ దానిని కస్టమ్స్ అధికారుల ముందుంచుతుంది. వారు విలువ కట్టి సుంకం విధిస్తారు. ఆ మొత్తాన్ని పార్శిలు బట్వాడా చేసే వేళ పోస్టుమాన్ వసూలు చేస్తాడు. అంటే కొనుగోలుదారునికి లెక్క తెలిసేది గుమ్మం ముందు నిలబడినపుడే. కొన్నపుడు తెలియని ధరను సరుకు వచ్చాక చెల్లించడమనేది మరే వ్యాపారంలోనూ కనిపించని వింత. సంతలో వంకాయలు కొనేవాడైనా ముందు ధర అడుగుతాడు.

మూడంచెల లెక్క

నిజానికి లెక్క అసాధ్యమైనదేమీ కాదు. అందులో మూడు అంచెలున్నాయి. మొదటిది విలువ, రెండవది వర్గీకరణ, మూడవది రేటు.

విలువ అంటే వస్తువు ధర ఒక్కటే కాదు. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనల ప్రకారం ధరకు రవాణా వ్యయాన్ని, బీమాను కలపాలి. విమానంలో వచ్చే సరుకుకు రవాణా వ్యయం ఎంతైనా, వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపరాదు. బీమా మొత్తం తెలియనపుడు 1.125 శాతంగా లెక్కిస్తారు. ఒకప్పుడు వీటికి తోడు ఒక శాతం దిగుమతి రేవు ఖర్చుగా కలిపేవారు. 2017 సెప్టెంబరులో దానిని తొలగించారు. డాలరును రూపాయలలోకి మార్చడానికి కొన్ననాటి బ్యాంకు రేటు చెల్లదు. కస్టమ్స్ వ్యవహారాలకై ప్రకటించే మారకపు రేటే ప్రమాణం.

సుంకం రేటు సంగతి కూడా అంతే. కస్టమ్స్ చట్టంలోని 83వ సెక్షన్ ప్రకారం తపాలా సరుకుకు వర్తించేది కొన్ననాటి రేటు కాదు; తపాలా అధికారులు ఆ సరుకు వివరాలను సుంకం నిర్ణయానికై కస్టమ్స్ అధికారికి సమర్పించిన నాటి రేటు. జనవరిలో కొన్న వస్తువు బడ్జెట్ అనంతరం చెన్నై చేరితే, కొత్త రేటు అమలులోకి వచ్చి ఉన్న పక్షంలో భారమైనా, లాభమైనా కొనుగోలుదారునిదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లెక్క సౌలభ్యం కోసం డాలరు 90 రూపాయలనుకుంటే నలభై డాలర్ల పరికరం ధర 3,600 రూపాయలు. తపాలా ఖర్చు పది డాలర్లు, అనగా 900 రూపాయలైనప్పటికీ పరిమితి ప్రకారం 720 రూపాయలే కలుస్తాయి. బీమా కింద 40 రూపాయల 50 పైసలు చేరుతుంది. వెరసి సుంకానికి లోబడే విలువ 4,360 రూపాయల 50 పైసలు.

వ్యక్తిగత వినియోగానికి తపాలాలోగాని, విమానంలోగాని వచ్చే సుంకార్హమైన వస్తువులకై కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే ప్రత్యేక శీర్షిక ఉంది. దీని కింద మూల సుంకం 35 శాతం, సమీకృత జీఎస్టీ 28 శాతం ఉన్న కాలాన్ని తీసుకుంటే లెక్క ఇలా నడిచేది. విలువపై 35 శాతం మూల సుంకం. ఆ సుంకంపై పదోవంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. ఈ రెంటినీ విలువకు కలిపి, ఆ మొత్తంపై 28 శాతం జీఎస్టీ. పన్నుపై పన్ను పడుతున్నందున మూడింటి భారం 66.5 శాతం కాదు, 77.28 శాతం. పై పరికరంపై అది 3,370 రూపాయలకు చేరేది. వస్తువు అసలు ధరకూ సుంకానికీ మధ్య 230 రూపాయలే తేడా!

ఆ తరువాత భారం గణనీయంగా తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో 28 శాతం అంతస్తు తొలగడంతో ఈ శీర్షికకు చెందిన సరుకుపై పన్ను 18 శాతానికి దిగింది. అప్పటికే 20 శాతానికి తగ్గిన మూల సుంకాన్ని 10 శాతానికి కుదిస్తున్నట్లు 2026-27 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. 10 శాతం సుంకం, దానిపై పదోవంతు సర్‌చార్జి, 18 శాతం జీఎస్టీ లెక్కన మొత్తం భారం 30.98 శాతం. అదే పరికరంపై చెల్లించవలసినది సుమారు 1,351 రూపాయలు. సగానికి పైగా తగ్గిన మాట వాస్తవం. అయినా ఈ తగ్గింపునకు పత్రికల పతాక శీర్షికలలో చోటు దక్కలేదు. ఆదాయపు పన్ను శ్లాబులకున్న ఆకర్షణ పార్శిళ్ల సుంకానికి లేదు.

పుస్తకం పుస్తకమేనా?

రేటు తగ్గినంత మాత్రాన చిక్కు విడిపోలేదు. అసలు పేచీ వర్గీకరణ వద్ద ఉంది. వస్తువును దాని సొంత శీర్షిక కింద చూడాలా, లేక వ్యక్తిగత వినియోగపు మూటగా 9804 కింద చూడాలా అన్నదానిపై ఫలితం పూర్తిగా మారిపోతుంది.

విశ్వవిద్యాలయ ప్రాంగణానికి నిత్యావసరమైన పుస్తకాన్నే తీసుకుంటే, ముద్రిత గ్రంథాల దిగుమతిపై 2019 జూలై వరకు మూల సుంకం లేదు. దేశీయ ప్రచురణ, ముద్రణ పరిశ్రమలకు ప్రోత్సాహం పేరిట ఆ ఏటి బడ్జెట్ 5 శాతం విధించింది. పుస్తకాలపై జీఎస్టీ లేదు. కనుక సర్‌చార్జి కలుపుకొని 5.5 శాతం. నలభై డాలర్ల పుస్తకానికి పై పద్ధతిలోనే లెక్కిస్తే దాదాపు 240 రూపాయలు. అదే కట్టను లోపలి సరుకు చూడకుండా వ్యక్తిగత వస్తువుల కింద జమకట్టిన పక్షంలో 1,351 రూపాయలు. పట్టీపై పంపినవారు 'ముద్రిత గ్రంథాలు' అని స్పష్టంగా రాశారా, 'సరుకు' అని ముక్తసరిగా రాశారా అన్నదానిపై 1,100 రూపాయల తేడా ఆధారపడి ఉందన్న మాట.

బొమ్మల విషయంలో తేడా ఇంకో దిక్కుకు తిరుగుతుంది. 2020 బడ్జెట్ బొమ్మలపై మూల సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్ 70 శాతానికి పెంచాయి. 2021 జనవరి 1 నుంచి వాటికి భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరైంది. కొండపల్లి, ఏటికొప్పాక కళాకారులకు చైనా బొమ్మల నుంచి ఊరట కలిగించే చర్యలుగా వీటిని సమర్థించవచ్చు. ఒక పసివానికై మేనమామ పంపిన ఒకే ఒక్క బొమ్మకూ, ఓడ నిండా వచ్చిన సరుకుకూ తేడా చూపవలసిన అవసరం మాత్రం అక్కడే మొదలవుతుంది.

మందుల పరిస్థితి కొంత నయం. అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో పేర్కొన్న వ్యాధులకై వ్యక్తిగతంగా దిగుమతి చేసుకునే ఔషధాలకు, ప్రత్యేక వైద్య ఆహారానికి 2023 ఏప్రిల్ 1 నుంచి మూల సుంకం పూర్తిగా మినహాయించారు. 2026-27 బడ్జెట్ మరో 7 వ్యాధులను ఈ జాబితాకు చేర్చింది. మినహాయింపు పొందడానికి ఆరోగ్య శాఖ సంచాలకుల నుంచిగాని, జిల్లా వైద్యాధికారి లేక సివిల్ సర్జన్ నుంచిగాని ధ్రువపత్రం ఉండాలి. అది పార్శిలు రాకమునుపే చేతిలో ఉండడం మేలు. చెన్నైలో కట్ట ఆగిపోయిన తరువాత సంతకాలకై తిరగడం రోగి కుటుంబానికి అదనపు శిక్ష.

వంద రూపాయల కిటికీ

చిన్న పార్శిళ్లను సుంకం లేకుండా వదిలివేసే కనీస పరిమితి అనేక దేశాలలో ఉంది. వసూలుకయ్యే ఖర్చు రాబడిని మించరాదన్నదే దీని వెనుకనున్న సూత్రం. అమెరికా 1938లోనే దీనిని చట్టంలో చేర్చింది. 2017 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వర్తక సౌలభ్య ఒప్పందం సైతం సాధ్యమైనంత మేరకు ఇటువంటి పరిమితి పాటించాలని సభ్య దేశాలను కోరుతోంది. భారతదేశం 2016 ఏప్రిల్‌లో ఈ ఒప్పందాన్ని ఆమోదించింది.

మన చట్టంలో ఉన్నది అతి సన్నని కిటికీ. విధించదగిన సుంకం 100 రూపాయలుగాని, అంతకు లోపుగాని ఉంటే వసూలు చేయరాదని కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ఆరవ ఉపవిభాగం చెబుతోంది. ఇది వస్తువు విలువకు పెట్టిన పరిమితి కాదు, సుంకానికి పెట్టిన పరిమితి. 77.28 శాతం భారమున్న రోజులలో దీని ప్రకారం తప్పించుకోగల సరుకు విలువ సుమారు 129 రూపాయలు. భారం 30.98 శాతంగా లెక్కిస్తే ఆ విలువ 322 రూపాయలకు పెరుగుతుంది. నాలుగు డాలర్లు కూడా లేని ఈ మొత్తానికి, అందులోనే తపాలా ఖర్చులో కొంత భాగమూ కలిసి ఉండగా, ఏ దేశం నుంచి ఏమి వస్తుంది? కట్టను విప్పి, విలువ కట్టి, పద్దు రాసి, చెన్నై నుంచి కాలాపేటకు పంపి, పోస్టుమాన్ చేత నూటపాతిక రూపాయలు వసూలు చేయించడంలో ఖజానాకు మిగిలేదెంత అన్న ప్రశ్నకు ఆర్థిక మంత్రిత్వ శాఖ జవాబు చెప్పవలసి ఉంది.

అయితే ప్రభుత్వ భయానికీ కారణం లేకపోలేదు. 1993 సెప్టెంబరు నాటి నోటిఫికేషన్ ద్వారా విదేశాల నుంచి వచ్చే నిజమైన కానుకలకు ఒక నిర్ణీత విలువ వరకు సుంకం నుంచి మినహాయింపు ఉండేది. ప్రవాస భారతీయుల కుటుంబాలకు ఉద్దేశించిన ఈ సౌకర్యం మొబైల్ వర్తకం పెరిగిన తరువాత దారి తప్పింది. చైనాలోని అంగళ్లు తాము అమ్మిన దుస్తులను, ఆభరణాలను 'కానుక' పేరుతో ఒక్కొక్క కొనుగోలుదారునికి విడివిడిగా పంపసాగాయి. సూరత్ వస్త్రోత్పత్తిదారుకు జీఎస్టీ ఉంది, షెంజెన్ వర్తకునికి లేదు. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ కానుకల రూపంలో వచ్చే దిగుమతులను నిషేధించింది. ప్రాణరక్షక ఔషధాలకు, రాఖీలకు మాత్రమే వెసులుబాటు మిగిల్చింది. ఇతర కానుకలు పూర్తి సుంకం చెల్లిస్తేనే రావచ్చు. రాఖీతో పాటు చెల్లెలు పంపిన మిఠాయి డబ్బా మాత్రం మినహాయింపులోకి రాదని అధికారులు ప్రత్యేకించి వివరించవలసి వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో షీయిన్, క్లబ్ ఫ్యాక్టరీ సహా 59 చైనా యాప్‌లను, నవంబరులో అలీ ఎక్స్‌ప్రెస్‌ను కేంద్రం నిషేధించింది. దొంగను పట్టుకోవడానికి ఊరందరి తలుపులకూ తాళం వేసిన చందంగా, వర్తకుల మోసానికి అసలైన బంధువుల కానుకలు కూడా బలి అయ్యాయి. ఏటా ఒక వ్యక్తికి ఇన్ని కానుకలని పరిమితి విధించి, గుర్తింపు పత్రంతో ముడిపెట్టి ఉంటే సరిపోయేదన్న వాదనను తోసిపుచ్చలేం.

సుంకపు కంచె తెలిసిన నేల

సుంకపు సరిహద్దు ఈ ప్రాంతానికి కొత్త సంగతి కాదు. పుదుచ్చేరి ఒకే తునకగా లేదు. పట్టణం నుంచి బయలుదేరిన బస్సు తమిళనాడుకు చెందిన కొట్టకుప్పం దాటి, కాలాపేట వద్ద తిరిగి పుదుచ్చేరి గడ్డపై అడుగుపెడుతుంది. జీఎస్టీ పరిధిలోకి రాని మద్యం, పెట్రోలు ధరలలో ఈ గీత ప్రభావం ప్రయాణికులకు తెలిసినదే. ఫ్రెంచివారి ఏలుబడిలో ఈ గీత మరింత పదునైనది. ఫ్రెంచి, బ్రిటిష్ ప్రభుత్వాల మధ్య 1941లో కుదిరిన సుంకాల ఒడంబడిక 1949 మార్చితో ముగిసింది. ఏప్రిల్ 1 నుంచి స్వతంత్ర భారత ప్రభుత్వం ఫ్రెంచి స్థావరాల చుట్టూ కస్టమ్స్ కంచె వేసింది. రేవులో చవకగా దిగిన విదేశీ వస్తువులు తునకలు తునకలుగా ఉన్న సరిహద్దుల గుండా ఇవతలకు జారిపోవడం, వాటిని వెంటాడడం ఆ ఐదేళ్ల నిత్యకృత్యం. 1954 నవంబరు 1న పాలన చేతులు మారడంతో ఆ కంచె అవసరం తీరింది.

తెలుగువారికి ఈ అనుభవం యానాం ద్వారా కలిగింది. ఫ్రెంచి పాలనలో యానాం మంగళవారం సంతకు చుట్టుపక్కల గోదావరి గ్రామాల నుంచి జనం వెళ్లడానికి గల ఆకర్షణలలో విదేశీ సరుకు ఒకటి. తిరుగు ప్రయాణంలో సంచిలో ఉన్నదానిని వాడుక వస్తువనాలా, దిగుమతి అనాలా? 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి విముక్తమైంది. 1962 ఆగస్టు 16న ఫ్రెంచి స్థావరాల బదిలీ చట్టరీత్యా పూర్తయింది. ఆ ఏడాది డిసెంబరులోనే కస్టమ్స్ చట్టానికి ఆమోదం లభించింది. అంటే నేడు కాలాపేట పార్శిలుపై సుంకం విధిస్తున్న చట్టం వయస్సు, పుదుచ్చేరి చట్టరీత్యా భారతదేశంలో కలిసిన వయస్సు దాదాపు ఒక్కటే. సంచిలోని వస్తువుకు అడిగిన ప్రశ్ననే ఇప్పుడు కట్టలోని వస్తువుకు అడుగుతున్నారు.

అమెరికా తలుపు మూసిన వేళ

విదేశాలు చిన్న పార్శిళ్లకు ఉదారంగా తలుపులు తెరిచి ఉంచాయని, మనమే బిగించామని కొంతకాలం వినిపించిన విమర్శ 2025 నాటికి పస కోల్పోయింది. అమెరికా 2016లో కనీస పరిమితిని 200 డాలర్ల నుంచి 800 డాలర్లకు పెంచింది. ఫలితంగా 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ దేశంలోకి ఈ దారిన ప్రవేశించిన కట్టలు 136 కోట్లు దాటాయి. ట్రంప్ ప్రభుత్వం 2025 మే 2న చైనా, హాంకాంగ్ సరుకుకు, ఆగస్టు 29న మిగిలిన దేశాలన్నింటికి ఈ సౌకర్యాన్ని రద్దు చేసింది.

ఆ దెబ్బ నేరుగా తెలుగు ఇళ్లకు తగిలింది. అమెరికాలోని పిల్లలకు ఆవకాయ, పూతరేకులు, పండుగ చీరలు పంపడం ఆంధ్ర, తెలంగాణలలో ఒక ఆచారంగా, దాని చుట్టూ ఒక వ్యాపారంగా స్థిరపడింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో స్పష్టత లేనందున భారత తపాలా శాఖ 2025 ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్శిళ్ల స్వీకరణను నిలిపివేసింది. తొలుత ఉత్తరాలకు, 100 డాలర్ల లోపు కానుకలకు ఇచ్చిన మినహాయింపు కూడా కొద్ది రోజులకే ఆగిపోయింది. సేవలు తిరిగి మొదలైనది అక్టోబరు 15న. అప్పుడు అమలు చేసిన పద్ధతి గమనార్హం. ప్రకటించిన విలువపై ఒకే రేటున, నాటి లెక్క ప్రకారం 50 శాతం, సుంకాన్ని బుకింగ్ కౌంటరులోనే పంపేవారి నుంచి వసూలు చేశారు. రేటు దారుణమైనదే. కాని కౌంటరు వద్ద నిలబడిన మనిషికి తాను చెల్లించవలసినదెంతో అక్కడికక్కడే తెలిసింది. వర్గీకరణ పేచీ లేదు, అవతలి గుమ్మంలో ఆశ్చర్యమూ లేదు. కాలాపేటలో పార్శిలు అందుకునేవారికి ఈ పాటి సౌకర్యం లేకపోవడం ఆలోచించదగిన విషయం.

ఐరోపా మరింత పద్ధతిగా నడిచింది. 22 యూరోల లోపు సరుకుకున్న వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1న ఎత్తివేస్తూ, అమ్మకందారు ధరతో పాటే పన్ను వసూలు చేసి జమకట్టే ఏకగవాక్ష పద్ధతిని తెచ్చింది. ఆస్ట్రేలియా 2018లో, సింగపూర్ 2023లో ఇదే బాట పట్టాయి. 2024లో ఐరోపా సమాఖ్యలోకి వచ్చిన చిన్న పార్శిళ్లు 460 కోట్లు. వాటిలో నూటికి 91 చైనావే. దాంతో 150 యూరోల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపునకు కూడా కాలం చెల్లింది. 2026 జూలై 1 నుంచి అటువంటి పార్శిళ్లలోని ఒక్కొక్క రకం వస్తువుకు 3 యూరోల చొప్పున సుంకం విధించాలని సభ్య దేశాల ఆర్థిక మంత్రులు 2025 డిసెంబరులో నిర్ణయించారు. పుదుచ్చేరి నుంచి అగరువత్తులు, చేతికాగితం వంటి చిన్న వస్తువులను ఫ్రాన్సుకు అమ్మేవారికి ఇది చిన్న విషయం కాదు. పది యూరోల వస్తువుపై మూడు యూరోలంటే 30 శాతం.

పేచీ పెట్టేదెవరు?

సుంకం తప్పుగా పడిందని భావించిన వ్యక్తికి చట్టంలో మార్గం ఉంది. 128వ సెక్షన్ కింద 60 రోజులలో అప్పీళ్ల కమిషనరును ఆశ్రయించవచ్చు. కాని పుస్తకంపై 240 రూపాయలకు బదులు 1,351 వసూలైన అధ్యాపకుడు చెన్నై చుట్టూ తిరిగితే బస్సు చార్జీలకే తేడా సొమ్ము హరించుకుపోతుంది. అందుచేత చెల్లించి ఊరుకుంటాడు, లేదా పార్శిలును తిప్పి పంపుతాడు. అప్పీళ్లు లేవు కాబట్టి తప్పులూ లేవని శాఖ భావించే ప్రమాదం ఇందులో ఉంది. ప్రైవేటు కొరియర్ల ద్వారా వచ్చే సరుకుకైతే సుంకానికి తోడు వారి సేవా రుసుము కూడా చేరుతుంది. కొన్ని సందర్భాలలో రెండింటి మధ్య గీత ఎక్కడుందో బిల్లు చదివినా బోధపడదు.

ఈ అయోమయం మోసగాళ్లకు పెట్టుబడి అయింది. 'మీ పేరిట విదేశీ పార్శిలు విమానాశ్రయంలో ఆగిపోయింది, సుంకం వెంటనే ఫలానా ఖాతాలో జమ చేయండి' అంటూ వచ్చే ఫోన్లకు చదువుకున్నవారు సైతం వేలు, లక్షలు పోగొట్టుకున్నారు. వ్యక్తిగత ఖాతాలలో సుంకం జమ చేయమని కస్టమ్స్ అధికారులు ఎన్నడూ ఫోన్ చేయరని పరోక్ష పన్నుల కేంద్ర బోర్డు పలుమార్లు హెచ్చరించింది. 2019 నవంబరు నుంచి శాఖ పంపే ఉత్తరాలపై గుర్తింపు సంఖ్య ముద్రిస్తున్నారు. ఆ సంఖ్య అసలైనదో కాదో బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయినా మోసం సాగుతున్నదంటే, అసలు సుంకం ఎలా లెక్కిస్తారో, ఎవరు వసూలు చేస్తారో సామాన్యునికి తెలియకపోవడం ఒక ముఖ్య కారణం. తపాలా పార్శిలుపై సుంకాన్ని పోస్టుమాన్ రసీదు ఇచ్చి వసూలు చేస్తాడన్న ఒక్క సంగతి తెలిసినా ఎన్నో ఫోన్లు అక్కడే ఆగిపోతాయి.

పరిష్కారానికి కొత్త చట్టం అక్కరలేదు. పార్శిలుతో వచ్చే చీటీలో మొత్తం అంకెతో పాటు కట్టిన విలువ, శీర్షిక సంఖ్య, మూల సుంకం, సర్‌చార్జి, జీఎస్టీ విడివిడిగా, కాలాపేటకైతే తమిళంలో, యానాంకైతే తెలుగులో ముద్రించడం చెన్నై కార్యాలయానికి కష్టం కాదు. వివరాలు విదేశీ తపాలా సంస్థల నుంచి ముందుగానే ఎలక్ట్రానిక్ రూపంలో అందే ఏర్పాటు ఉన్నందున, కట్ట చేరకముందే గ్రహీతకు లెక్క తెలియజేసి, అభ్యంతరముంటే బిల్లు నకలు పంపమని కోరవచ్చు. 100 రూపాయల పరిమితిని కనీసం 500 చేస్తే, 30.98 శాతం భారం లెక్కన సుమారు 1,600 రూపాయల విలువ వరకు ఊరట లభిస్తుంది. వర్తకుల దుర్వినియోగం జరుగుతుందన్న భయముంటే ఈ పెంపును పుస్తకాలకు, మందులకు, వ్యక్తుల మధ్య సాగే కానుకలకు పరిమితం చేయవచ్చు. మూల సుంకాన్ని ఒక్క బడ్జెట్‌లో సగానికి తగ్గించగలిగిన ఆర్థిక శాఖకు ఈ రెండు పనులలో మొదటిదానికి పార్లమెంటు అనుమతి కూడా అవసరం లేదు.